బల్లమీది రేవు

ఉదయం తొమ్మిదిన్నర గంటలు. ఫలహారాల పళ్ళేలు తీసివేసి, భోజనాల బల్లను తడిగుడ్డతో తుడిచి, ఆ ఇంటి ఇల్లాలు తన ల్యాప్‌టాప్‌ను అక్కడ పెట్టుకుంటుంది. ఆమె ఒక బీమా సంస్థలో ఉద్యోగి. వారానికి మూడు రోజులు ఇంటినుంచే పని. ఇక తీగల తంతు మొదలవుతుంది. చార్జరు ఒకటి, మానిటర్‌ది ఒకటి, కీబోర్డుది ఒకటి, మౌస్‌ది ఒకటి, ఇంటర్నెట్ తీగ ఒకటి, హార్డ్ డిస్కుది ఒకటి, చెవులకు తగిలించుకొనే హెడ్‌ఫోనుది ఒకటి. వెరసి ఏడు. సాయంకాలం ఆరింటికి కొడుకు హోంవర్కుకు ఆ బల్లే కావాలి గనుక ఏడింటినీ ఊడదీయాలి. రోజుకు పద్నాలుగుసార్లు వంగి, ల్యాప్‌టాప్ పక్కభాగాన్ని తడిమి, ఏ ప్లగ్గు ఏ రంధ్రంలోదో వెతుక్కొనటం ఆమె దినచర్యలో ఒక భాగమైపోయింది.

2020 మార్చి తరువాత ఇటువంటి ఇల్లు మన నగరాలలో ఏ వీధిలోనైనా కనిపిస్తుంది. ఆఫీసు ఇంటికి వచ్చింది గాని, ఆఫీసు బల్ల రాలేదు. ఈ చిక్కు తీర్చటానికి అంగళ్ళలో ఒక చిన్న పెట్టె దొరుకుతుంది. మానిటర్, కీబోర్డు, ప్రింటరు, నెట్‌వర్కు అన్నింటి తీగలూ శాశ్వతంగా ఆ పెట్టెకు తగిలించి ఉంటాయి. పెట్టెనుంచి ల్యాప్‌టాప్‌కు వెళ్ళేది ఒకే ఒక తీగ. దాన్ని తగిలిస్తే ల్యాప్‌టాప్ బల్లమీది కంప్యూటరవుతుంది. ఊడదీస్తే మళ్ళీ సంచిలో పట్టే పుస్తకమవుతుంది. దీనికి డాకింగ్ స్టేషన్ అని పేరు.

పేరు ఓడలనుంచి వచ్చింది. ఓడ వచ్చి నిలిచి, సరుకు దింపుకొని, బొగ్గూ నీరూ నింపుకొని, మరమ్మతు చేయించుకొని తిరిగి సముద్రంలోకి వెళ్ళే చోటు డాక్. తెలుగులో రేవు అన్నమాట దానికి చాలినంత దగ్గర. ఇంగ్లీషులో ఇదే స్పెల్లింగు గల మరో డాక్ ఉన్నది: న్యాయస్థానంలో ముద్దాయి నిలబడే చోటు. జంతువులను బంధించే పంజరానికి ఫ్లెమిష్ భాషలో ఉన్న మాటనుంచి అది పుట్టిందంటారు. ఆశ్చర్యమేమంటే తెలుగువారు కూడా ముద్దాయిని నిలబెట్టింది బోనులోనే. నిఘంటువు తెరిచి మొదట కనబడిన అర్థాన్ని పట్టుకొనే అనువాదకుడి చేతిలో పడితే డాకింగ్ స్టేషన్ ‘బోను కేంద్రం’ అయ్యే ప్రమాదం లేకపోలేదు. కొన్ని పరికరాల తీరు చూస్తే ఆ పేరూ తగునేమో అనిపిస్తుంది. ఆ సంగతి ముందు వస్తుంది.

ఓడల మాట అంతరిక్షానికి కూడా ఎక్కింది. 2024 డిసెంబరు 30న శ్రీహరికోటనుంచి బయలుదేరిన స్పేడెక్స్ జంట ఉపగ్రహాలు 2025 జనవరి 16న కక్ష్యలో ఒకదానితో ఒకటి కలిసినప్పుడు పత్రికలన్నీ ‘డాకింగ్’ అనే రాశాయి. ఆ ఏడాది ఏప్రిల్‌లో రెండవసారి కలిసినప్పుడు ఒక ఉపగ్రహంనుంచి మరొకదానికి విద్యుత్తును కూడా పంపి చూశారు. కలుసుకొనటం, శక్తి ఇచ్చి పుచ్చుకొనటం, చెక్కుచెదరకుండా విడిపోవటం – బల్లమీది చిన్న పెట్టె చేయవలసిన పనులూ ఇవే.

చేతితో మోసుకుపోయే కంప్యూటరు అనే ఊహ మొదట్లో భుజాలకు పరీక్షే. 1981లో వెలువడిన ఆస్బార్న్ 1 బరువు సుమారు 11 కిలోలు; దాని తెర మూలనుంచి మూలకు ఐదంగుళాలు. మూత వేస్తే కుట్టుమిషను పెట్టెలా ఉండేది. దశాబ్దం గడిచేసరికి యంత్రం పుస్తకమంత అయింది. కాని పలచబడిన కొద్దీ దానికి అవయవాలు తగ్గిపోయాయి. ఫ్లాపీ డ్రైవు, పెద్ద తెర, అదనపు కార్డులు పెట్టే చోటు ఒక్కొక్కటే బయటికి పోయాయి. పోయినవాటిని బల్లమీద ఉంచి, ఇంటికి వచ్చినప్పుడు కలుపుకొనటం సహజంగా తట్టిన ఉపాయం. కాంపాక్ సంస్థ 1990లో తన ఎల్‌టీఈ 386ఎస్/20 యంత్రానికి అటువంటి పీఠాన్ని తయారుచేసింది.

ఈ ఊహను దాని కొసవరకూ తీసుకుపోయినది మాత్రం ఆపిల్ సంస్థ. 1992 అక్టోబరులో అది పవర్‌బుక్ డ్యువో అనే ల్యాప్‌టాప్‌ను విడుదల చేసింది. బరువు సుమారు 1.9 కిలోలు, ఆ రోజులకు అది దూదిపింజ. ఫ్లాపీ డ్రైవు లేదు, మానిటర్ తగిలించే మార్గం లేదు. వెనుక మాత్రం 156 సూదులు గల ఒక పొడవాటి సాకెట్టు ఉండేది. దానికి జోడీగా అమ్మిన డ్యువో డాక్ చూడటానికి మామూలు బల్లకంప్యూటరులానే ఉండి, నెత్తిన మానిటరును మోసేది. దాని ముందు భాగంలో ఒక వెడల్పాటి నోరు. మూసిన ల్యాప్‌టాప్‌ను ఆ నోటి ముందు పెట్టి కొంచెం నెడితే, వీడియో క్యాసెట్టును వి.సి.ఆర్. మింగినట్టు, లోపలి మోటారు దానిని లాక్కొనేది. లోపల ఫ్లాపీ డ్రైవు, విస్తరణ కార్డులకు రెండు చోట్లు, పెద్ద తెరకు కావలసిన జ్ఞాపకశక్తి, అడిగినవారికి లెక్కలు వేగంగా చేసే అదనపు చిప్పు కూడా ఉండేవి. రేవులో నిలిస్తే ఓడ వేగమే పెరిగినట్టయింది.

చూసినవారికి అది ముచ్చట గొలిపిన మాట నిజం. కాని ఆ రేవులో ఆ ఒక్క జాతి ఓడే ఆగగలదు. డ్యువో యంత్రాల అమ్మకం 1997లో ఆగిపోయింది. వాటితోపాటు ఆ ఖరీదైన పెట్టె కూడా దేనికీ కొరగాని వస్తువైంది. ఇతర సంస్థల కథా ఇటువంటిదే. ఒక్కొక్కరిది ఒక్కొక్క ఆకారపు సాకెట్టు. ఒకే సంస్థవి కూడా కొత్త నమూనా వస్తే పాత పీఠంమీద కూర్చోవు. వందల యంత్రాలు కొన్న ఆఫీసు, నాలుగైదేళ్ళకు ల్యాప్‌టాప్‌లు మార్చినప్పుడల్లా పీఠాలను కూడా మార్చవలసి వచ్చేది. చక్కగా పనిచేస్తున్న పీఠాలు అటకెక్కాయి, అక్కడినుంచి పాత ఇనుము కొట్టుకు చేరాయి. ‘బోను’ అన్నమాట గుర్తుకు వచ్చేది ఇక్కడే: బంధించబడినది ల్యాప్‌టాప్ కాదు, కొన్నవాడు.

ఈ బోను తలుపు తీసినవారిలో ఒక భారతీయుడు ఉన్నాడు. బరోడాలోని మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివి, అమెరికా వెళ్ళి, 1990లో ఇంటెల్ సంస్థలో చేరిన అజయ్ భట్. ఆ రోజులలో కంప్యూటరు వెనుకభాగం ఒక మ్యూజియం: ప్రింటరుకు 25 సూదుల వెడల్పాటి ప్లగ్గు, మోడెముకు 9 సూదులది, మానిటర్‌కు 15 సూదులది, కీబోర్డుకు గుండ్రనిది. ఒకటి పట్టిన చోట మరొకటి పట్టదు. తగిలించాక యంత్రాన్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి, అమరికలు సరిచేయాలి. చదువుకునే చిన్న కూతురికోసం భార్య ఇంట్లో ప్రింటరు కలపబోయి అవస్థపడటం తనను ఆలోచింపజేసిందని భట్ తరువాత చెప్పాడు. కంప్యూటరు నిపుణుడి ఇంట్లోనే ఇంత పాటు ఉంటే మామూలు సంసారి గతి ఏమిటన్నది ఆయన ప్రశ్న.

ఇంటెల్‌తో మరి ఆరు సంస్థలు కలిసి పనిచేయగా, 1996 జనవరిలో యుఎస్‌బి మొదటి ప్రమాణం వెలువడింది. అన్నింటికీ ఒకే ప్లగ్గు. యంత్రం నడుస్తుండగానే తగిలించవచ్చు, తీయవచ్చు. ఒక మూలంనుంచి చెట్టు కొమ్మలలా చీలుతూ 127 పరికరాలదాకా కలపవచ్చు. వేగం సెకనుకు 1.2 కోట్ల బిట్లు. ఈ ప్రమాణాన్ని వాడుకొనటానికి ఎవరూ రాయల్టీ కట్టనక్కరలేదు. అది ప్రపంచమంతా పాకటానికి ఇంతకన్న పెద్ద కారణం వెతకనక్కరలేదు. ప్లగ్గును ఒకవైపునుంచే పెట్టగలగటం, అదీ మొదటిసారి తప్పే పెట్టటం, కోట్ల మందికి నిత్యానుభవమే. రెండువైపులా పట్టేటట్టు చేస్తే తీగలూ సర్క్యూట్లూ రెట్టింపై ధర పెరిగేదనీ, అప్పుడు దాన్ని ఎవరూ ముట్టేవారు కారనీ భట్ సంజాయిషీ. 2013లో ఆయనకూ, ఆయన ఇంటెల్ సహచరులకూ ఐరోపా ఆవిష్కర్తల బహుమానం, 2025లో భట్‌కు మన ప్రభుత్వపు పద్మశ్రీ లభించాయి.

2000లో యుఎస్‌బి వేగం సెకనుకు 48 కోట్ల బిట్లకూ, 2008లో 500 కోట్ల బిట్లకూ పెరిగింది. 2014 ఆగస్టులో టైప్-సి ఆకారం వచ్చింది: 24 స్పర్శలు గల చిన్న గుళికవంటి ప్లగ్గు, తలకిందులుగా పెట్టినా పట్టేది. మరుసటి ఏడాదే ఆపిల్ ఒక మ్యాక్‌బుక్‌ను ఆ ఒక్క రంధ్రంతోనే, హెడ్‌ఫోను రంధ్రాన్ని మినహాయించి, అమ్మటం ప్రారంభించింది. అవయవాలు మరోసారి బయటికి పోయాయి. రేవు మరోసారి అవసరమైంది. ఈసారి మాత్రం రేవు అందరిదీ.

ఒక సన్నని తీగలో ఇన్ని పనులు ఎట్లా ఇముడుతున్నాయన్నది తెలుసుకొనదగిన విషయం. మొదట విద్యుత్తు. తీగ తగిలించగానే డాక్ 5 వోల్టులకు మించి పంపదు. ఒక ప్రత్యేకమైన స్పర్శ ద్వారా రెండువైపులా సంభాషణ జరుగుతుంది: నీవు ఎంత ఇవ్వగలవు, నేను ఎంత పుచ్చుకోగలను, మధ్యనున్న తీగ ఎంత మోయగలదు. పెళ్ళిచూపుల తరువాత పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నట్టు, అన్నీ కుదిరాకనే 20 వోల్టులు ప్రవహిస్తాయి. ఈ పద్ధతిలో 100 వాట్లదాకా పంపవచ్చు. 2021నాటి సవరణ ఈ పరిమితిని 240 వాట్లకు పెంచింది. పెట్టెమీద 100 వాట్లు అని ఉన్నంతమాత్రాన అదంతా ల్యాప్‌టాప్‌కు దక్కుతుందనుకోరాదు. చాలా డాక్‌లు తమ ఖర్చుకింద 15 వాట్లదాకా అట్టిపెట్టుకుంటాయి.

ఇక చిత్రం. టైప్-సి తీగలో అతివేగంగా సమాచారం మోసే దారులు నాలుగు. వీటిని మానిటర్‌కు అప్పగించటానికి డిస్‌ప్లేపోర్ట్ పద్ధతిలో ఒక ఏర్పాటు ఉన్నది. లెక్క వేసి చూస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. 4కె అని పిలిచే తెరలో చుక్కలు 82,94,400. ఒక్కొక్క చుక్క రంగుకు 24 బిట్లు. సెకనుకు 60 బొమ్మలు. హెచ్చవేస్తే సుమారు 1,194 కోట్ల బిట్లు. డాక్‌లో విరివిగా ఉపయోగించే డిస్‌ప్లేపోర్ట్ 1.2 పద్ధతిలో ఒక దారి మోయగలిగిన అసలు సరుకు 432 కోట్ల బిట్లు. నాలుగు దారులూ ఇచ్చివేస్తే చిత్రం హాయిగా పోతుంది గాని, హార్డ్ డిస్కుకు మిగిలేది 2000నాటి పాత వేగపు దారి మాత్రమే. రెండు దారులు చిత్రానికి, రెండు దారులు డిస్కుకు పంచితే, చిత్రానికి 864 కోట్లే. అందుచేత తెరమీద సెకనుకు 60 బొమ్మలకు బదులు 30 వస్తాయి. సినిమాకు అది చాలు. మౌస్ బాణం మాత్రం తూలుతూ నడుస్తుంది, రోజంతా చూసేవాడికి కళ్ళు లాగుతాయి. అంగడివాడు పెట్టెమీద ‘4కె’ అని పెద్ద అక్షరాలతో వేసి, ‘30 హెర్ట్జ్’ అని చీమతలకాయంత అక్షరాలతో వేయటంలోని రహస్యం ఇదే. తరువాతి 1.4 పద్ధతిలో రెండు దారులే ఈ చిత్రాన్ని ఎట్లాగో ఇముడ్చుకోగలవు. అయితే డాక్, ల్యాప్‌టాప్ రెండూ ఆ పద్ధతివి కావాలి.

థండర్‌బోల్ట్ అనే మరో మార్గం ఉన్నది. ఇంటెల్, ఆపిల్ కలిసి 2011లో తెచ్చిన ఈ పద్ధతి, 2015లో మూడవ రూపంలో టైప్-సి ప్లగ్గునే తొడుక్కున్నది. సెకనుకు 4,000 కోట్ల బిట్లు మోస్తుంది; రెండు పెద్ద తెరలకూ డిస్కుకూ చోటు ఉంటుంది. ధరలో తేడా మాత్రం కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది.

కొనేవారు మోసపోయేది వేగంలో కాదు, పోలికలో. రంధ్రాలన్నీ ఒకేలా ఉంటాయి, తీగలన్నీ ఒకేలా ఉంటాయి, శక్తులు మాత్రం వేరు. ఫోనుతో వచ్చిన తెల్లని టైప్-సి తీగ తరచు 60 వాట్లకూ, సెకనుకు 48 కోట్ల బిట్లకూ మించి మోయదు. దానిని డాక్‌కు తగిలించి, మానిటర్ వెలగలేదని డాక్‌ను తిట్టుకొనేవారు కొందరు. 3 ఆంపియర్లకు మించి మోసే తీగలో తన శక్తిని చెప్పుకొనే చిన్న చిప్పు ఉండితీరాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో టైప్-సి రంధ్రం ఉన్నా దానినుంచి చిత్రం బయటికి రాదు. మరికొన్నింటిలో అది చార్జింగుకు పనికిరాదు. రంధ్రం పక్కన చెక్కిన గుర్తునూ, యంత్రంతో వచ్చిన వివరపత్రాన్నీ చదవటం తప్ప మార్గాంతరం లేదు. 2020లో వచ్చిన ఎం1 చిప్పు మ్యాక్‌బుక్ ఎయిర్ అధికారికంగా బయట ఒకే మానిటరును అంగీకరిస్తుంది. ఎంత గొప్ప డాక్ కొన్నా రెండవది సహజమార్గంలో వెలగదు. ఒక తీగనుంచి రెండు మానిటర్లకు వేరువేరు చిత్రాలు పంచే డిస్‌ప్లేపోర్ట్ ఉపాయం విండోస్‌లో పనిచేస్తుంది, మ్యాక్‌లో రెండింటిమీదా ఒకే బొమ్మ వస్తుంది. డిస్‌ప్లేలింక్ అనే పద్ధతి ఈ అడ్డంకులను దాటుతుంది. అది చిత్రాన్ని సాఫ్ట్‌వేర్‌తో కుదించి మామూలు సమాచారంలా పంపుతుంది, డాక్‌లోని చిప్పు దానిని విప్పుతుంది. ఉత్తరాలు రాసుకొనేవారికి, పద్దులు చూసుకొనేవారికి ఏ లోటూ ఉండదు. ప్రాసెసరుపై కొంత బరువు పడుతుంది, రక్షణ గల సినిమాలు కొన్ని కనబడవు.

ఇంత హంగామా దేనికన్న ప్రశ్నకు జవాబు మెడలో ఉన్నది. ల్యాప్‌టాప్‌లో తెరా కీబోర్డూ ఒకే కీలుకు బిగించి ఉంటాయి. చేతులకు సుఖమైన ఎత్తులో పెడితే మెడ వంగుతుంది. కళ్ళకు సుఖమైన ఎత్తులో పెడితే భుజాలు లేస్తాయి. రెండింటినీ సుఖపెట్టే ఎత్తు లేనే లేదు. మనిషి తల సుమారు ఐదు కిలోలు. రోజుకు ఎనిమిది గంటలు దానిని ముందుకు వంచి మోసే కండరాలు ఏదో ఒకనాడు ఫిర్యాదు చేస్తాయి. తెర పైఅంచు కంటి ఎత్తులోగాని కొద్దిగా కిందుగాగాని ఉండాలనీ, 20నుంచి 40 అంగుళాల దూరంలో ఉండాలనీ అమెరికాలోని కార్మిక భద్రతా సంస్థ సూచన. విడి మానిటరు, విడి కీబోర్డు ఉంటే తప్ప అది సాధ్యం కాదు. అవి రెండూ కొని కూడా, ఏడు తీగలు తగిలించే ఓపిక లేక, సోఫాలో చారగిలబడి ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకొని పనిచేసేవారు ఎందరో. డాక్ ఆదా చేసేది నిమిషాలను కాదు. ఆ బద్ధకానికి ఉన్న సాకును తీసివేస్తుంది.

కొద్దిపాటి జాగ్రత్తలు లేకపోలేదు. రోజంతా డాక్‌కు తగిలి ఉన్న ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడూ నిండుగా, వెచ్చగా ఉంటుంది. లిథియం బ్యాటరీ త్వరగా ముసలిదయ్యేది అప్పుడే. చార్జి 80 శాతం దగ్గర ఆపే అమరిక చాలా యంత్రాలలో ఉన్నది, వాడుకోవటం మంచిది. హార్డ్ డిస్కు రాస్తూ ఉండగా తీగ లాగివేయటం మరీ ప్రమాదకరం. 2018 అక్టోబరు తరువాతి విండోస్‌లో, ‘తొలగిస్తున్నాను’ అని చెప్పకుండా తీసినా నష్టం లేని విధంగా అమరిక మార్చారు గాని, సగం రాసిన ఫైలును ఏ అమరికా కాపాడలేదు.

2023 జనవరిలో భారతీయ ప్రమాణాల సంస్థ టైప్-సి ఆకారానికి భారత ప్రమాణం ప్రకటించింది. ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు 28నుంచి ఫోన్లకూ, టాబ్లెట్లకూ, కెమెరాలకూ ఈ రంధ్రాన్నే తప్పనిసరి చేసి, ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28ని గడువుగా పెట్టింది. డ్యువో డాక్‌వలె యజమానితోపాటు సహగమనం చేయవలసిన దుర్గతి ఈ తరం పెట్టెలకు కొంతవరకైనా తప్పవచ్చు. రేపు కొనే ల్యాప్‌టాప్ ఏ సంస్థదైనా ఇవాళ్టి డాక్‌కు తగిలించే అవకాశం ఉన్నది.

ఆ ఇల్లాలి మానిటరు 4కె కాదు, అందులో సగం వెడల్పు, సగం ఎత్తు గలది. దాని చుక్కలు 20,73,600. సెకనుకు 60 బొమ్మల చొప్పున 300 కోట్ల బిట్లు చాలు. డాక్ దారి ఒక్కటే దానిని మోస్తుంది. ఆమె ల్యాప్‌టాప్ పుచ్చుకొనేది 65 వాట్లు. అంగడివాడు చూపించిన థండర్‌బోల్ట్ పెట్టెను పక్కకు పెట్టి, అందులో మూడో వంతు ధరకు వచ్చే మామూలు టైప్-సి డాక్‌ను ఆమె తీసుకున్నది. దానిని భోజనాల బల్ల అడుగున రెండు మరలతో బిగించారు. మానిటరు గోడకు చేరింది. ఆరు గంటలయింది. లెక్కల పుస్తకం పట్టుకొని కొడుకు వచ్చి నిలబడ్డాడు. హార్డ్ డిస్కుమీది చిన్న దీపం ఇంకా మినుకుమినుకుమంటున్నది. “ఉండు నాన్నా, అది ఆరనీ,” అని ఆమె తీగమీద చెయ్యి వేసి కూర్చున్నది.